తండ్రిని చూడనివాడు

ఆమె చెప్పిన మాటల్లో సగం జారిపోయాయి గానీ, ఆ దగ్గు ఒక్కటి ఎందుకు మిగిలిపోయిందో. ఫోన్‌లో ఆ అమ్మాయి, అమ్మాయి అనకూడదు, యాభైకి దగ్గరగా ఉంటుంది, ఇంగ్లండు యాసలో, ముందే వల్లె వేసుకున్నట్టు ఒక్కో మాటా చెబుతూ ఉంటే, ఆమె వెనకాల ఎక్కడో ఒక ముసలాయన దగ్గాడు. ఆగి, ఊపిరి కూడగట్టుకుని, మళ్ళీ దగ్గాడు. "అదిగో, ఆయనే," అంది ఆమె. నేను పుట్టకముందే చనిపోయిన మనిషి దగ్గుతున్నాడు. దానికి ఏమనాలి? "అక్కడ చలి ఎక్కువగా ఉందా?" అని అడిగాను. నిజంగా అదే అడిగాను. అప్పట్నుంచీ ఆ ప్రశ్న గుర్తొచ్చినప్పుడల్లా చెవులు వేడెక్కుతున్నాయి.

"ఒరే మాలకీ, ఆ తలుపు మీంచి చెయ్యి తియ్యి," అన్నాడు బండి నడుపుతున్న ఫింటన్. "ఇంటి దగ్గర బయల్దేరిన కాడ్నుంచీ లాక్ వేస్తున్నావ్, తీస్తున్నావ్. దూకుతావా ఏంటి?"

"దూకను."

"దూకితే చెప్పి దూకు. వెనక ట్రైలర్ ఉంది."

చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికి అది మళ్ళీ తలుపు మీదకే వెళ్ళింది. బాంగర్ దాటాం. రెండు వైపులా తడి నేల, గోధుమ రంగు గడ్డి, దూరంగా కొండల మీద మబ్బు. వాన పడటం లేదు, పడకుండానూ లేదు. ఖాళీ ట్రైలర్ ప్రతి గుంట దగ్గరా ఎగిరి పడి, మా వెనకాల ఎవరో గిన్నెలు విసిరేస్తున్నట్టు చప్పుడు చేస్తోంది. ఎదురుగా వచ్చే ప్రతి బండికీ ఫింటన్ స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపుతున్నాడు. అవతలివాళ్ళూ లేపుతున్నారు. ఆ వేలు లేపడంలో వాడికున్న నిబ్బరం చూస్తే నాకు అసూయ వేసింది.

వాడి బండిలో వచ్చింది ముచ్చటపడి కాదు. నా కారు బాగానే ఉంది. "నువ్వు నడిపితే న్యూపోర్ట్ వంతెన దాకా పోయి వెనక్కి తిప్పేస్తావు, నాకు తెలీదా?" అన్నాడు. పైగా లీనాన్ దగ్గర కోయిన్ అనే ఆయన దగ్గర పొట్టేలు కొన్నాడట, ఎలాగూ తెచ్చుకోవాలట. అక్టోబరు వచ్చేసింది, గొర్రెలు ఎదురుచూస్తున్నాయట. అక్కణ్ణుంచి రౌండ్‌స్టోన్ ఎంతో దూరం లేదు. రౌండ్‌స్టోన్ దాటాక సముద్రం పక్కన ఒక వృద్ధాశ్రమం. అందులో ఒక గది. ఆ గదిలో, చివరి రోజులకి ఇంగ్లండు నుంచి తిరిగొచ్చిన ఫెస్టస్ కనీలీ, అంటే మా నాన్న.

ఇంగ్లండులో సొరంగం తవ్వుతుంటే అది మీద కూలి చనిపోయాడని అమ్మ చెప్పింది. నేనప్పుడు ఆమె కడుపులో ఉన్నాను. ఏటా నవంబరులో ఆయన ఆత్మ కోసం చర్చిలో పూజ చేయించేది. నేను పక్కన మోకాళ్ళ మీద ఉండేవాణ్ణి. అమ్మకి నిజం తెలుసా? తెలిసి అంత నిదానంగా కొవ్వొత్తి వెలిగించగలదా? వెలిగించగలదు. వెలిగించలేదు. ఈ రెండు వాక్యాలు మూడు రోజులుగా నా తలలో ఒకదాని వెంట ఒకటి తిరుగుతున్నాయి, గానుగలో ఎద్దుల్లా.

అసలు సంగతి అది కూడా కాదు. అసలు సంగతి చెప్పుకోవడానికే నాకు నామోషీగా ఉంది.

తండ్రిని ఎన్నడూ చూడని మనిషి పసిబిడ్డ నోట్లో ఊదితే నోటిపూత తగ్గుతుంది. పొద్దున్నే, పరగడుపున, మూడుసార్లు ఊదాలి. ఊదినవాడికి డబ్బివ్వకూడదు, థాంక్స్ చెప్పకూడదు. అడిగినవాళ్ళని కాదనకూడదు. మా ఎరిస్ వైపు ఇది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. నాకు ఐదేళ్ళున్నప్పుడు అమ్మ నన్ను కుర్చీ ఎక్కించి నిలబెట్టింది. ఎవరో ఆడమనిషి బిడ్డ నోరు తెరిచి పట్టుకుంది. నాలుక మీద విరిగిన పాలలా తెల్లటి మచ్చలు, పుల్లటి వాసన. "ఊదు," అంది అమ్మ. ఊదాను. బిడ్డ ఆశ్చర్యపోయి ఏడుపు ఆపింది. ఆ గదిలో పెద్దవాళ్ళందరూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. మా బడిలో తండ్రి లేని పిల్లలు ఇంకా ఇద్దరు ఉండేవాళ్ళు. కానీ వాళ్ళు వాళ్ళ నాన్నల్ని చూశారు. అందుకని వాళ్ళకి ఏమీ లేదు, లేకపోవడం తప్ప. నాకు మాత్రం ఆ లేకపోవడమే ఆస్తి అయింది.

నేను పనిచేసే లైబ్రరీలో బల్ల వెనక కూర్చున్నప్పుడు దీన్ని నమ్మను. నోటిపూత దానంతట అదే పోతుందని, డాక్టరిచ్చే చుక్కలతో ఇంకా త్వరగా పోతుందని చదివాను, అడిగినవాళ్ళకి ఆ పుస్తకం తీసి ఇచ్చాను కూడా. కానీ బిడ్డ నోరు నా ముందు తెరుచుకున్నప్పుడు నమ్ముతాను. ఆ క్షణంలో నేనెవరో నాకు స్పష్టంగా తెలుస్తుంది. మిగతా సమయాల్లో అంత స్పష్టంగా తెలియదు. ఇప్పుడు నేను ఆ గదిలోకి వెళ్ళి ఆ మనిషిని చూశాననుకో.

"ఆగు," అన్నాను.

"ఏంటి?"

"ఆకలేస్తోంది. వెస్ట్‌పోర్ట్‌లో ఆగుదాం."

ఫింటన్ నా వైపు చూశాడు. "నీకా? పొద్దున పది దాటకుండా నువ్వు పచ్చి మంచినీళ్ళు ముట్టవుగా."

నిజమే. ఎవరైనా తెల్లారేసరికే బిడ్డని ఎత్తుకుని తలుపు తడతారేమోనని పెద్దయిన దగ్గర్నుంచీ నేను తొందరగా తినను. పది దాకా ఆగడం నియమం కూడా కాదు, నేను పెట్టుకున్నదే. ఇవాళ ఎలాగూ ఇంట్లో లేను. ఎవరొస్తారు? అనుకుని రెండు సాసేజ్‌లు, గుడ్డు, గోధుమ రొట్టె తిన్నాను. ఫింటన్ వదిలేసిన బ్లాక్ పుడ్డింగ్, పంది రక్తంతో చేసే ముక్క, అది కూడా తిన్నాను. ఆకలితో కాదు. ప్లేటు ఖాళీ అయితే లేవాలి కాబట్టి మెల్లగా, నమిలి నమిలి తిన్నాను. టీ ఇంకో కెటిల్ తెప్పించాను.

"మాలకీ," అన్నాడు ఫింటన్, "ఆ ముసలాయన ఈ వారం దాటడని ఫోన్లో చెప్పిందా లేదా నీ కొత్త చెల్లెలు, ఆ జెరల్డీన్?"

"చెప్పింది."

"నువ్వు ఆ కెటిల్ ముగించేదాకా ఆయన ఆగడేమో."

లేచాను.

లీనాన్ దగ్గర కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. కోయిన్ ఇల్లు రోడ్డుకి కొంచెం పైన. ముసలి కోయిన్ గొంతు పెద్దది, చెవులు చిన్నవి. పొట్టేలు మాత్రం అతనికన్నా పెద్దమనిషిలా ఉంది. నల్ల మొహం, రెండు చుట్లు తిరిగిన కొమ్ములు, మమ్మల్ని కొనడానికి తనే వచ్చినట్టు చూపు.

"వీణ్ణి అమ్మడం నాకిష్టం లేదు," అన్నాడు కోయిన్.

"నీకు ఇష్టం లేని సంగతి ఆ రేటు విన్నప్పుడే తెలిసిందిలే," అన్నాడు ఫింటన్. "ఇంకో వంద చెప్పుంటే ఏడ్చేవాడివి కూడా."

ఇద్దరూ దాన్ని ట్రైలర్ ఎక్కించడానికి తంటాలు పడుతుంటే నేను గోడ దగ్గర నిలబడ్డాను. లోపల బిడ్డ ఏడుస్తోంది. మామూలు ఏడుపు కాదు. ఆకలేసి మొదలుపెట్టి, నోరు తగలగానే నొప్పికి తెగిపోయే ఏడుపు. నాకు ఆ ఏడుపు తెలుసు. వినకూడదనుకుంటూ పొట్టేలు కొమ్ముల చుట్లు లెక్కపెట్టాను.

కోడలు బయటకొచ్చింది. ఈమర్ అని పిలిచాడు కోయిన్. పాతికేళ్ళుంటాయి, నిద్ర లేని మొహం, భుజం మీద బిడ్డ.

"మావయ్యా, ఈయన ఎరిస్ నుంచి వచ్చారా?"

"ఎరిస్సే. ఫింటన్ రువేన్, గొర్రెలాయన."

"ఆయన కాదు. ఈయన." నా వైపు తిరిగింది. "మీరు లైబ్రరీలో చేసే మాలకి కనీలీ కదూ? మా పెద్దమ్మ వాళ్ళ పిల్లకి మీరే ఊదారు. వచ్చే వారం మీ దగ్గరికే వద్దామనుకుంటున్నాం. వీడికి నోటిపూత వచ్చి ఎనిమిది రోజులైంది. నిన్నట్నుంచీ పాలు పట్టడం లేదు. పట్టినా నాకూ ప్రాణం పోతోంది."

"డాక్టరు చుక్కలిచ్చాడా?" అన్నాను.

"ఇచ్చాడు. వేస్తున్నా." ఆ జవాబులో చుక్కల మీద ఆమెకి కోపం లేదు, నమ్మకమూ లేదు. బిడ్డ నోరు నా వైపు తిప్పింది. డారా అట వాడి పేరు. తెల్లటి నాలుక. వాడు నన్ను చూసి ఏడుపు ఆపాడు. అందరూ ఎందుకో ఆపుతారు.

"ఏమైనా తిన్నారా ఇవాళ?" అని అడిగింది.

చేత్తో మూతి తుడుచుకున్నాను.

"తిన్నాడా అంటే!" అన్నాడు ఫింటన్, ట్రైలర్ తలుపు బిగిస్తూ. "రెండు సాసేజ్‌లూ, గుడ్డూ, నా పుడ్డింగూ."

ఆమె మొహంలో వెలుగు ఆరిపోయింది. వెంటనే తేరుకుంది. "పర్లేదు. రేపు పొద్దున్నే మేమే వచ్చేస్తాం. మా ఆయన పడవ మీదున్నాడు, నేనే నడుపుకొస్తా. ఏడున్నరకి మీ గుమ్మంలో ఉంటాం. మీరు మాత్రం…"

"పరగడుపున ఉంటాడు," అన్నాడు కోయిన్. "చెప్పక్కర్లేదు వీళ్ళకి."

కాదనకూడదు. నేను అవుననలేదు. కానీ కాదనకపోవడమే అవుననడం అని అక్కడున్న నలుగురికీ తెలుసు, పొట్టేలుకి కూడా తెలిసినట్టే ఉంది. ఈమర్ "థాం—" అనబోయి పెదవి కొరుక్కుంది. నవ్వి, బిడ్డని లోపలికి తీసుకుపోయింది.

బండి రోడ్డెక్కింది. రేడియోలో చావు వార్తలు చదువుతున్నారు. మామూలుగా అయితే వాడు శబ్దం పెంచి, ఎవరెవరో గుర్తుపట్టి, ఏ ఊళ్ళో చావింటికి ఎప్పుడు పరామర్శకి వెళ్ళాలో లెక్కేసుకుంటాడు. ఇవాళ కట్టేశాడు. వెనక పొట్టేలు ట్రైలర్ గోడని కొమ్ములతో కొడుతోంది. ధన్. ఆగి, ధన్. ఖాళీ చప్పుడే నయమనిపించింది.

"చూస్తే పోతుందా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏది?"

"ఏదేంటి. అదే."

"పోతుంది. చూడనివాడు అంటే చూడనివాడే."

"ఆయన బతికున్నా పర్లేదా?"

"ఆ లెక్క మారదు. నేను చూడలేదు. ఇవాళ పొద్దుటికి కూడా చూడలేదు."

ధన్, అంది పొట్టేలు.

"నువ్వు నమ్మవు కదరా ఇవన్నీ," అన్నాడు ఫింటన్. "పుస్తకాలు చదివినవాడివి. కిందటేడు చర్చి ఫాదరుతో కూడా వాదించావు."

"నమ్మను."

"మరింకేం?"

"నువ్వు నమ్ముతావా?"

"నేనా? నేను దేన్నీ నమ్మను. మా పిల్ల నోరు మాత్రం రెండో రోజుకి తగ్గింది." కొంచెం ఆగి, "ఆ కోడలుపిల్ల రేపు బిడ్డని వేసుకుని అంత దూరం వస్తుంది, మాలకీ. వానలో."

"తెలుసు."

"నేను తెచ్చాను కదా నిన్ను ఆ ఇంటికి. అందుకని అంటున్నా."

"వెనక్కి తిప్పు," అన్నాను.

వాడు కైల్‌మోర్ దగ్గర ఎవరిదో పొలం గేటు ముందు బండి పక్కకి తీసి ఆపాడు. తిప్పలేదు. ఇంజను ఆపేసి రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను దిగాను. ఎక్కాను. మళ్ళీ దిగాను. కంచె అవతల ఒక గుర్రప్పిల్ల తల ఎత్తి నన్ను చూసి, ఆసక్తి లేనట్టు దించేసుకుంది. వెళ్ళకపోతే ఏమవుతుంది? ఆయన చనిపోతాడు. ఈసారి నిజంగా. నేను మళ్ళీ మామూలుగా తండ్రి లేనివాణ్ణవుతాను. బిడ్డలు వస్తారు, ఊదుతాను. ఆ దగ్గు మాత్రం ఎక్కడికి పోతుంది? వెళితే ఏమవుతుంది? ఒక ముసలాయనకి కొడుకునవుతాను, ఒక వారం పాటు. ఆ తర్వాత తండ్రిని చూసి, పోగొట్టుకున్న మామూలు మనిషినవుతాను. మా బడిలో ఆ ఇద్దరిలాగా.

"ఒక మాట చెప్తా, నవ్వకు," అన్నాడు ఫింటన్ కిటికీలోంచి. "చూడకూడదన్నారు. వినకూడదనలేదు. దగ్గు విన్నావు, ఏమైనా అయిందా? ముట్టుకోకూడదని కూడా ఎవరూ అనలేదు. కళ్ళు మూసుకుని వెళ్ళు."

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. తర్వాత ఇద్దరం నవ్వు ఆపేసి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మోసం అవుతుందేమో," అన్నాను.

"ఎవర్ని మోసం? నోటిపూతనా?"

అక్కడే రోడ్డు పక్కన అభ్యాసం చేశాం. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను, వాడు నా మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. రెండడుగులకే నన్ను గుంటలో దించాడు. "చెప్పొచ్చుగా!" "చూసుకోవచ్చుగా!" అంటూ ఉంటే సైకిలు బ్రేకు చప్పుడు, ఎవరో విదేశీ గొంతు: "సాయం కావాలా?" "వద్దండీ," అన్నాడు ఫింటన్ గంభీరంగా, "నడక నేర్చుకుంటున్నాడు."

కళ్ళు మూసుకుంటే లోపల చీకటి కాదు, ఎరుపు. ఆ ఎరుపులో ఎప్పుడూ ఒకే మనిషి నాకు కనపడతాడు. పార భుజాన వేసుకున్న ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, అమ్మ చెప్పిన నాన్న. మొహం నేనే పెట్టాను, అద్దంలోంచి తీసి. వాడికి వయసు రాదు. నేనే వాడికన్నా పెద్దవాణ్ణయ్యాను, తర్వాత వాడి తండ్రి వయసుకొచ్చాను. చిన్నప్పుడు వాడు నన్ను కాపాడేవాడు. ఇప్పుడు నేను వాణ్ణి కాపాడుతున్నాను, ఎవరి నుంచంటే ఆ దగ్గే ముసలాయన నుంచి.

వృద్ధాశ్రమం ముందు బండి ఆగగానే కళ్ళు మూసుకున్నాను. కంకర మీద అడుగులు. సముద్రం వాసన, దాని వెనకే ఉడికిన క్యాబేజీ వాసన. తలుపు తెరుచుకుంది.

"మాలకీ?" జెరల్డీన్ గొంతు. ఫోన్‌లోకన్నా చిన్నగా ఉంది. ఏదో పూల సెంటు. తర్వాత ఆమె ఊపిరి ఆగింది. "అయ్యో. నాకు తెలీదు. క్షమించండి, నాకెవరూ చెప్పలేదు."

నేను గుడ్డివాణ్ణనుకుందని అర్థమవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. చెప్పొచ్చు. ఇంగ్లండులో పుట్టి పెరిగిన మనిషికి, మొదటిసారి కలిసిన చెల్లెలికి, గుమ్మంలో నిలబడి నోటిపూత గురించి ఎక్కడ్నుంచి మొదలుపెట్టను? "పర్లేదు," అన్నాను. నా మోచెయ్యి ఫింటన్ చేతిలోంచి ఆమె చేతిలోకి మారింది.

"నేను పొట్టేలుకి నీళ్ళు పెట్టి వస్తా," అన్నాడు ఫింటన్, పారిపోతున్న గొంతుతో.

పొడుగాటి నడవా. నేల మీద మైనం పాలిష్, కాలు జారుతోంది. ఎక్కడో టీవీలో గుర్రప్పందేలు. ఆమె ప్రతి మలుపు దగ్గరా మెల్లగా చెబుతోంది, "ఎడమకి, ఇప్పుడు గడప," అని. ఇంత జాగ్రత్తగా నన్ను ఎవరూ ఎప్పుడూ నడిపించలేదు. తొలి నిమిషంలోనే ఈమెకి అబద్ధం చెప్పాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "డాడీ, ఎవరొచ్చారో చూడు," అంది. "మాలకి వచ్చాడు. ఆయనకి చూపు లేదు, డాడీ." ఆమె బయటికి వెళ్ళింది, తలుపు మెల్లగా మూసుకుంది.

మంచం కిర్రుమంది. ఆ ఊపిరి. అదే. పీల్చుకునేటప్పుడు గొంతులో ఏదో గీసుకుంటున్నట్టు.

"ఎప్పట్నుంచిరా?" అన్నాడు.

ఆ గొంతు ఎలా ఉంటుందో ఎన్ని రకాలుగా ఊహించానో. ఒక్కటీ కలవలేదు. సన్నగా, కొంచెం చిరాకుగా ఉంది.

"ఏది ఎప్పట్నుంచి?"

"కళ్ళు. పుట్టుకతోనా? మా మేనమామకి కూడా ఇలాగే. మా వంశంలోదే అది. మీ అమ్మకి చెప్పి ఉండాల్సింది నేను."

"అమ్మ చనిపోయింది," అన్నాను.

"విన్నాను."

"ఎలా విన్నారు?"

"మన వైపు మనుషులు ఇంగ్లండులో కూడా ఉంటారు. చెప్తారు." దగ్గాడు. నేను ఆగాను. "నీ గురించి కూడా విన్నా. లైబ్రరీలో చేస్తావని. చూపు లేకుండా లైబ్రరీలో ఏం చేస్తావురా నువ్వు?"

నవ్వొచ్చింది. అది ఆపుకోవడానికి పళ్ళు బిగించాల్సొచ్చింది. ఆ పక్కనే కోపం కూడా నిలబడి ఉంది. అన్నీ విన్నాడు. అమ్మ పోయినప్పుడు విన్నాడు. నవంబరు పూజల గురించి కూడా వినే ఉంటాడు.

"నాకు చూపు ఉంది," అన్నాను.

"మరి?"

"మీరు సొరంగంలో చనిపోయారని అమ్మ చెప్పింది. మిమ్మల్ని నేను ఎప్పుడూ చూడలేదు. అందుకని…" ఎందుకో నాకు ఐదేళ్ళ పిల్లాడి గొంతు వచ్చింది. "అందుకని నేను ఊదుతాను. నోటిపూతకి."

కిటికీ మీద వాన చినుకులు మొదలయ్యాయి. బయట పొట్టేలు కొట్టడం ఇక్కడికి కూడా వినిపిస్తోంది. ఆయనా ఈ తీరంవాడే, పక్క ద్వీపంలో పుట్టినవాడు, ఈ ఊదే సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. అర్థం చేసుకోవడానికి ఎంతసేపు పట్టాలో అంతే పట్టింది. తర్వాత నవ్వాడు. నవ్వు దగ్గులో కలిసిపోయి, చాలాసేపటికి బయటికొచ్చింది.

"ఓరి నీ… అందుకా. నన్ను చూస్తే పోతుందని."

"అవును."

"వస్తారా జనం?"

"వస్తారు. రేపు పొద్దున్న లీనాన్ నుంచి ఒకామె వస్తోంది."

"తగ్గుతుందా?"

"తగ్గిందంటారు."

"చూశావా మరి," అన్నాడు. మంచం మళ్ళీ కిర్రుమంది, వెనక్కి వాలినట్టున్నాడు. ఊపిరి తేలికైంది. "అయితే తెరవకు. అలాగే ఉండు. చూడ్డానికి మాత్రం ఏముందిలే ఇక్కడ, ఎముకల మూట. పర్లేదు, నాకేం బాధ లేదు. నువ్వు అలాగే కూర్చో, మాట్లాడుకుందాం. నేను నీకు ఏమీ ఇవ్వలేదని జెరల్డీన్ నన్ను సాధిస్తూ ఉంటుంది. చూడు, ఇచ్చాను. ఎన్ని వందల మంది బిడ్డలో ఏమో! నేనక్కడ ఉండుంటే ఒక్కరికి కూడా తగ్గేది కాదు, కదా? అది నేనిచ్చిందే. ఉంచుకో."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. మాటలు కాదు, ఆ గొంతులో వచ్చిన నిశ్చింతని వింటున్నాను నేను. చూడబడకుండా తప్పించుకున్న మనిషి నిశ్చింత. గుమ్మం దాకా వచ్చిన మనిషి తలుపు తట్టకుండా వెళ్ళిపోయినప్పుడు లోపల దాక్కున్నవాడికి వచ్చేది. దాన్ని నేను ఎంత సులువుగా గుర్తుపట్టానంటే, సిగ్గేసింది. రోజూ పొద్దున తినకుండా వంటింట్లో కూర్చుని నేను కాపాడుకుంటూ వచ్చింది బిడ్డల కోసం దాచిన ఊపిరినా, లేక ఈ నిశ్చింతనేనా? బిడ్డ వస్తుంది, ఊదుతాను, వాళ్ళు థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్ళిపోతారు. ఎవరికీ నేను బాకీ లేను, ఎవరూ నాకు బాకీ లేరు. ఎవరూ ఉండిపోరు. ఇంత కాలం అదెంత హాయిగా ఉంది.

ఊదింది నేను. ఆ ఊపిరి నాది. అమ్మ నన్ను కుర్చీ ఎక్కించింది. ఈయన ఏమిచ్చాడు?

లీనాన్‌లో ఆగాలి, అనుకున్నాను. ఈమర్ రేపు బయల్దేరకముందే, ఇవాళే, తిరిగి వెళ్ళేటప్పుడు ఆ గుమ్మంలో నిలబడి, ఇంక నా దగ్గర ఏమీ లేదని చెప్పాలి. చుక్కలు ఆపొద్దని చెప్పాలి. ఆమె మొహంలో వెలుగు మళ్ళీ ఆరడం చూడాలి. ఈసారి నేను పొట్టేలు వైపు చూడకూడదు. ఫింటన్ ఏమంటాడో. ఏదో ఒకటి అంటాడు.

"…మీ అమ్మ మంచిది," అంటున్నాడు ఆయన. "సొరంగం అందా? బాగా అల్లింది. వింటున్నావా, మాలకీ? కళ్ళు మాత్రం తెరవకు, నాయనా. ఇంత చక్కగా ఉన్నదాన్ని పాడు చేసుకోకు."

ఎరుపులో ఆ కుర్రాడు పార దించి నిలబడి ఉన్నాడు. వాణ్ణి ఇంకొక్క క్షణం చూశాను. కుర్చీ కాళ్ళు నేల మీద గీరుకునేలా ఆ గొంతు వైపు తిరిగాను. ఇంతసేపు బిగించి ఉంచడం వల్ల రెప్పలు వెంటనే కదల్లేదు.

కళ్ళు తెరిచాను.